కన్ను దిద్దని పిట్ట

అనగనగా నైలునది ఒడ్డున ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఒకరోజు రాజు చనిపోయాడు. అప్పుడే అయ్యో అనకండి, కథ మొదలయ్యేది అక్కడే!

ఆ దేశంలో ఎవరైనా పోతే డెబ్బై రోజులు ఉప్పులో ఉంచి, అవిసెనార బట్టలు చుట్టి, పైన వాళ్ల ముఖం బొమ్మ రాసిన వస్త్రం కప్పేవారు. పోయినవాళ్ల ప్రాణం పిట్టయి తిరుగుతూ, ఆ ముఖాన్ని గుర్తుపట్టి వచ్చి వాలేది. అరవై ఏడో రోజున ఒక మాంత్రికుడు రాజుగారి వస్త్రం ఎత్తుకుపోయాడు. డెబ్బై రోజులు దాటాయంటే, ముఖం దొరకని ఆ పిట్ట వాడికి బానిస. పాపం, అది రాజుగారి కోట చుట్టూ తిరగడమే తిరగడం!

"ఏ బట్టయితేనేం, కప్పేద్దాం," అన్నాడు పెద్దవాడు.

"అవును, కప్పేద్దాం," అన్నాడు నడిమివాడు.

చిన్నవాడు సెనెబుకు కాలు నిలవలేదు. "మరి నాన్నగారు ఎక్కడ వాలతారన్నయ్యా?" అన్నాడు.

ఆ వస్త్రం తెస్తానని బయలుదేరాడు. తల్లి అతని కళ్లకు దట్టంగా కాటుక పెట్టింది. "ఎండకు కళ్లు మండుతాయి నాయనా, జాగ్రత్త," అంది.

దారిలో వలలో చిక్కిన పెద్ద బాతును సెనెబు విడిపించాడు. "నా వీపెక్కు బాబూ, మాంత్రికుడి కోటకు చేరుస్తాను," అంది బాతు. ఒక పాయ దాటారు, రెండు పాయలు దాటారు, నది ఏడు పాయలూ దాటారు. ప్రతి పాయ దగ్గరా "ఇంకెంత దూరం?" అని సెనెబు అడగడం, "కాసేపు కదలకుండా కూర్చో!" అని బాతు కసరడం.

మాంత్రికుడి కోటలో తమీతు అనే చిత్రకారిణి చెరలో ఉంది. మాంత్రికుడు తను పోయాక కప్పించుకోవడానికి దాచుకున్న వస్త్రం మీద బొమ్మలు రాస్తోంది. అందులో ఒక పిట్టకు కన్ను లేదు.

"కన్నేది?" అన్నాడు సెనెబు.

"వాడి ప్రాణం ఈ పిట్టలోనే ఉంది. కన్ను పెడితే ఎగిరిపోతుంది. అందుకే కోటలో నలుపన్నది లేకుండా చేశాడు. మసి పడుతుందని దీపమైనా వెలిగించనివ్వడు. నా జుట్టు కూడా గొరిగించేశాడు!"

అంతలో మాంత్రికుడు రానే వచ్చాడు. "ఎవడ్రా? ఓహో, రాజుగారి అబ్బాయా! రేపటి నుంచి మీ నాన్న నాకు నీళ్లు మోస్తాడు," అని పకపకా నవ్వాడు.

సెనెబుకు ఏడుపు ఆగలేదు. "బాగా ఏడవరా!" అన్నాడు వాడు. సెనెబు కళ్లు తుడుచుకున్నాడు. చూస్తే వేలు నల్లగా ఉంది. అమ్మ పెట్టిన కాటుక! వెంటనే ఆ వేలు పిట్ట ముఖం మీద ఆనించాడు. పిట్ట కన్ను తెరిచింది, కిటికీలోంచి తుర్రుమంది. మాంత్రికుడు ఖాళీ గోనెసంచిలా కూలిపోయాడు.

అది డెబ్బయ్యో రోజు. పొద్దు గుంకబోతుండగా సెనెబు, తమీతు కోటలో దొరికిన రాజుగారి వస్త్రంతో బాతు మీద తిరిగి వచ్చి, దాన్ని ఆయన మీద కప్పారు. రాజుగారి ప్రాణమైన పిట్ట ఆ ముఖాన్ని చూసింది. ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది, మూడో చుట్టుకు గుండెల మీద వాలి రెక్కలు ముడుచుకుంది. తల్లి "వచ్చారా!" అని బావురుమంది.

తండ్రికి చోటు చూపినవాడే మాకు రాజు అన్నారు జనం. అన్నలు తలలు వంచుకుని సరేనన్నారు. తమీతు జుట్టు పెరిగేదాకా ఆగి సెనెబు ఆమెను పెళ్లాడాడు. ఇద్దరూ చాలా ఏళ్లు చల్లగా ఏలారు. సెనెబు ఒకచోట కుదురుగా కూర్చోవడం నేర్చుకున్నాడా అంటే, లేదు. కానీ రోజూ పొద్దున్నే తల్లి ముందు మాత్రం కదలకుండా కూర్చుని కాటుక పెట్టించుకునేవాడు.