పల్లకీ దిగిన వైద్యుడు

కొండలకు ఇంకా పేర్లు పెడుతున్న రోజుల్లో మేఘగిరి అనే రాజ్యం ఉండేది. అక్కడొక ఆచారం. ఆస్థాన వైద్యుడికి అరవై నిండగానే రాజు పల్లకీ ఇస్తాడు. ఆపైన ఆయన పాదం మట్టి తాకకూడదు. మూలికలు సేవకులు తెస్తారు, రోగులను శిష్యులు చూస్తారు.

భీమశంకరుడు ఎనిమిదేళ్లుగా ఆ గౌరవం అనుభవిస్తున్నాడు. మెత్తని పరుపు, మీగడ పెరుగు, మధ్యాహ్నం నిద్ర.

ఒకనాడు సొంత శిష్యుడి పేరు గుర్తురాలేదు. నవ్వి ఊరుకున్నాడు. మరొకనాడు నేలవేము అడగబోయి నేలఉసిరి అడిగాడు. "వయసు కదా" అనుకున్నాడు. ఆ పూట అన్నం మాత్రం సయించలేదు.

ఇంతలో రాజుగారి పసిబిడ్డకు జ్వరం వచ్చింది. ఏడు రోజులైనా దిగలేదు. దానికి మూడు మూలికల కషాయం కాచాలి. శిష్యుల చదువు ఇంకా అంతదాకా రాలేదు. భీమశంకరుడికి తిప్పతీగ గుర్తుంది, తుంగముస్తె గుర్తుంది. మూడోది ఎంతకీ తట్టలేదు. ఆయన చెయ్యి ఒక జాడీ మీదికి వెళ్లి, ఆగింది.

"మహారాజా, మూడో మూలిక మరిచిపోయాను. ఊహించి వేస్తే బిడ్డ ప్రాణానికే ముప్పు. కొండవాడలో మందులిచ్చే సుంకులమ్మను పిలిపించండి."

"ఆవిడ నీకంటే ఏడేళ్లు పెద్దది కదయ్యా!" అన్నాడు రాజు.

"అవును ప్రభూ. అయినా ఆవిడ మరిచిపోదు."

సుంకులమ్మ నడిచే వచ్చింది. బిడ్డ నాడి చూసి, "పర్పాటకం" అంది. జ్వరమని విని, దారిలోనే కోసుకొచ్చింది కూడా. మర్నాటికి జ్వరం దిగి బిడ్డ పాలకు ఏడ్చింది.

"ఏ లేహ్యం తింటున్నావక్కా?" అని అడిగాడు భీమశంకరుడు.

"లేహ్యమా! పొద్దున్నే కొండెక్కుతాను. దారిలో పదిమందిని పలకరిస్తాను. కొత్త మొక్క కనబడితే దాని సంగతి తెలిసేదాకా వదలను. తినేది జొన్న సంగటి, ఆకుకూర. నువ్వేమో మూటలాగా మోయించుకుంటున్నావు తమ్ముడూ!"

మరిచిపోయానని నిజం చెప్పినందుకు మెచ్చి, ఏం కావాలో కోరుకోమని భీమశంకరుడితో అన్నాడు రాజు.

"ఈ పల్లకీ తీసేసుకోండి ప్రభూ. ఆచారం కూడా మాన్పించండి."

సుంకులమ్మ వెంట కొండెక్కబోయిన మొదటి రోజు ఇరవై అడుగులకే ఆయనకు ఆయాసం వచ్చింది. "కూర్చో, కొండ ఎక్కడికీ పోదు" అంది సుంకులమ్మ. ఏడాది తిరిగేసరికి శిఖరం దాకా ఎక్కాడు. మరుపు పూర్తిగా పోలేదు. కానీ కొత్తవి నేర్వసాగాడు.

ఒక ఉదయం సుంకులమ్మ ఒక మొక్క పేరు చెప్పింది.

"కాదక్కా, ఆకు అంచు చూడు. రంపంలా ఉంది. ఇది వేరే జాతి."

ఆమె వంగి చూసింది. కొండ మారుమోగేలా నవ్వింది. "నిజమేరా తమ్ముడూ! నాకే పాఠం చెప్పావు!"

కాబట్టి పిల్లలూ, కాలికి నడక, నోటికి మితం, మనసుకు రోజూ ఒక కొత్త సంగతి ఇచ్చేవారికి ముసలితనంలోనూ బుద్ధి తోడుంటుంది.