తేలికైన బాకీ

అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు ఆదిశేషయ్య గారికి లేదు. ఒంగోలులో ఆడిటరుగా తల నెరిసిన మనిషి. మునిగిపోతున్న కంపెనీల ఆస్తికీ అప్పుకూ విలువ కట్టాల్సి వస్తే బ్యాంకుల వాళ్ళు ఆయన్నే పిలిచేవారు. శిష్యులు ఏదైనా అడిగితే వినేవారు, తల ఊపేవారు, తన పని చూసుకునేవారు. జవాబు ఎదురుపడినప్పుడు చూపిస్తారని పాత శిష్యులు చెప్పుకునేవారు. ఎదురుపడకపోతే ఆ ప్రశ్న అలాగే ఉండిపోయేది.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమకు ఆ వేసవిలో యలమంద కంపెనీ లెక్క అప్పగించారు. యలమంద తాపీమేస్త్రీగా మొదలై, పదిమందికి ఇళ్ళు కట్టి, అపార్టుమెంట్ల దాకా ఎదిగినవాడు. ఊరి చివర ఆయన ఎత్తుకున్న అయిదంతస్తుల కట్టడం స్లాబులు పడి, గోడలు సగం లేచి ఆగిపోయింది. న్యాయమైన విలువ అంటే ఎవరి బలవంతమూ లేకుండా ఇవాళ కొనేవాడు ఇచ్చేదీ, అమ్మేవాడు పుచ్చుకునేదీ. ఆ సూత్రం పట్టుకుని హైమ లెక్క వేసింది. స్థలానికి ధర బాగానే ఉంది. కానీ ఎవరు కొన్నా, వానలకు నానిపోయిన ఆ కట్టడాన్ని ముందు కూలగొట్టుకోవాలి. ఆ ఖర్చు తీసేస్తే, యలమంద ఏమీ కట్టకుండా వదిలేసిన నేలకే విలువ ఎక్కువని తేలింది. మనసుకు కష్టంగా ఉన్నా ఆ సంగతి ఆమెకు అర్థమైంది. అర్థం కానిది అప్పు దగ్గర వచ్చింది.

కంపెనీ అప్పు పత్రాలు, ఇళ్ళకు ముందే డబ్బు కట్టినవాళ్ళ అగ్రిమెంట్లతో సహా, బజారులో వందకు ఇరవై మూడు పలుకుతున్నాయి. తిరిగి వస్తుందన్న నమ్మకం పోయి, ఇచ్చినవాళ్ళు అయినకాడికి అమ్ముకుంటున్నారు. సూత్రం ప్రకారం ఆ అప్పుకు ఇరవై మూడే విలువ కట్టాలి. తగ్గిన డెబ్బయ్యేడూ కంపెనీకి లాభమని చూపించాలి.

“సార్, ఈయన ఎవరికీ రూపాయి తీర్చలేదు. తీర్చలేడని అందరికీ తెలిసిపోయింది, అంతే. దానికి అప్పు తగ్గిందనీ, పైగా లాభమనీ రాయాలా? ఇది న్యాయమైన విలువ ఎలా అవుతుంది?” అని అడిగింది.

ఆదిశేషయ్య గారు విని తల ఊపారు. “రేపు పొద్దున ఆ కట్టడం చూడ్డానికి వెళ్తున్నాం. గొడుగు తెచ్చుకో, ఎండగా ఉంటుంది,” అన్నారు.

మర్నాడు యలమంద గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సర్కారు తుమ్మ మొలిచిన చోటు చూపించి, ఇది పిల్లలు ఆడుకోవడానికి వదిలామండీ అన్నాడు. లిఫ్టు రావలసిన గోతి దగ్గర కాసేపు ఆగి, మంచి కంపెనీది చూశామండీ అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చూపు గేటు మీదే ఉండటం హైమ గమనించింది.

“ఇవాళ శనివారం కదండీ, సువార్తమ్మ గారొచ్చే రోజు,” అన్నాడు యలమంద, తనే సంజాయిషీగా. “పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వచ్చిన డబ్బంతా తెచ్చి మూడో అంతస్తులో ఇంటికి కట్టింది. వారంవారం వచ్చి నా ఏడు తరాల్నీ కడిగి వెళ్తుందండీ. ఒరే యలమందా, నీ చేతులు పడిపోనూ అంటది. ఒకసారి చెప్పు కూడా తీసింది.” మళ్ళీ గేటు వైపు చూసి, “తిట్టడం అయిపోయాక, ఇంతకీ ఎప్పుడిస్తావురా అని అడుగుద్ది. ఫలానా పండక్కి అంటాను. సరే, చూస్తా అని వెళ్ళిపోద్ది,” అన్నాడు.

ఆయన చెబుతుండగానే ట్రాలీ ఆటో ఒకటి లోపలికి వచ్చింది. అందులోంచి తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ దిగింది. యలమంద ఒక స్తంభం వెనక్కి జరగబోయాడు, కానీ ఆవిడ అప్పటికే చూసింది.

“నమస్కారం యలమందరావు గారూ. నా గ్రానైటు పలక తీసుకెళ్దామని వచ్చానండీ,” అంది.

యలమంద నమస్కారానికి నమస్కారం పెట్టలేకపోయాడు. ఆ పలక వంటగట్టు కోసం ఆవిడ తనే ఏరి కొని తెచ్చుకున్నది. గోనెలు చుట్టి సెల్లారులో దాచిపెట్టారు.

“అదెందుకమ్మా ఇప్పుడు? మీ అంతస్తు గోడలు లేపబోతున్నాను. ఉగాది నాటికి...”

“చీరాలలో మా చెల్లెలు వంటగది బాగుచేయించుకుంటోందండీ. దానికి పనికొస్తుంది.”

“మరి మీ ఇల్లు?”

“అగ్రిమెంటు అమ్మేశానండీ. బ్రోకరు వచ్చి వందకు ఇరవై మూడు ఇస్తానన్నాడు. పుచ్చుకున్నాను.”

“ఒక్కమాట నన్ను అడగాల్సిందమ్మా.”

“మిమ్మల్ని అడగడానికేముందండీ,” అంది సువార్తమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఇక చేసేదేమీ లేదని వార్డు బయట బంధువులతో చెప్పి చెప్పి అలవాటైన గొంతు అది.

పలక బరువుగా ఉంది. ఆటోవాడొక్కడి వల్ల కాలేదు. యలమంద చొక్కా చేతులు మడిచి రెండో వైపు పట్టాడు. అంచు విరక్కుండా కింద గోనె మడతలు పెట్టి, తాడు బిగించి, కదిలించి చూసి, మళ్ళీ బిగించాడు. ఆయన చొక్కా నిండా దుమ్ము.

“శ్రమ ఇచ్చాను, ఏమీ అనుకోకండి,” అంది ఆవిడ ఆటో ఎక్కుతూ.

యలమంద ఆటో కమ్మీ పట్టుకుని వదల్లేదు. “గారూ గీరూ ఏంటమ్మా? నన్నెప్పుడైనా అట్లా పిలిచావా? ఒక మాట తిట్టి వెళ్ళు.”

సువార్తమ్మ ఆయన ముఖంలోకి చూసింది. “ఎందుకండీ,” అంది. ఆయన చెయ్యి తీసేదాకా ఆగి, పోనిమ్మని ఆటోవాడికి చెప్పింది.

గట్టిపడిపోయిన సిమెంటు బస్తాల మీద యలమంద చాలాసేపు కూర్చున్నాడు. తరువాత ఆదిశేషయ్య గారి వైపు చూసి, “ఆవిడ బాకీ తీరిపోయినట్టేనా సార్?” అన్నాడు.

“తీరలేదు. చేతులు మారింది. కాగితం ఎవరి దగ్గరుంటే వాళ్ళకి ఇవ్వాలి.”

“ఆవిడకైతే నేనిక ఏమీ ఇవ్వక్కర్లేదు.”

“అక్కర్లేదు.”

ఈ మాటతో ఆయన కొంచెమైనా తేరుకుంటాడేమోనని హైమ చూసింది. యలమంద లేచి జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. “పైన ఇంకా నాలుగంతస్తులున్నాయమ్మా. మీరే చూసుకోండి,” అని బండి కూడా తీయకుండా రోడ్డు మీదికి నడిచి వెళ్ళిపోయాడు. ఆ బండి వారమైనా ఆ గేటు దగ్గరే ఉందనీ, చివరికి ఎవరో కొడుకుకి కబురు చేస్తే వచ్చి తీసుకెళ్ళాడనీ తరువాత తెలిసింది.

మధ్యాహ్నం ఆఫీసులో హైమ ఆస్తి వైపు లెక్క పూర్తి చేసింది. అప్పు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. “డెబ్బయ్యేడు లాభమని రాయమంటారా సార్?” అని అడిగింది.

ఆదిశేషయ్య గారు కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నారు. “రాయమ్మా,” అన్నారు. “తిట్టే మనిషి కూడా మిగలకపోతే, ఆ బాకీకి ఇక బరువేముంటుంది.”