సూర్యుడికి అనుమతి

ప్రచండభూపతి అనే రాజుకు మిట్టమధ్యాహ్నం దాకా నిద్రపోవడం అలవాటు. తనకంటే ముందు సూర్యుడు లేవడం ఆయనకు నామోషీగా తోచింది. అందుకని తాను కళ్లు తెరిచాకే రాజ్యంలో తెల్లవారినట్టని శాసనం చేశాడు.

కోటకు పాలు పోసే ఎర్రమ్మ ఇంటి పుంజుకు ఆ సంగతి తెలియదు. ఎప్పటిలాగే కూసింది. మధ్యాహ్నం రాజు లేవగానే భటులు పుంజునీ, ఎర్రమ్మనీ సభకు ఈడ్చుకొచ్చారు.

"నడిరాత్రి కూసినందుకు పుంజు తల తీయండి!" అన్నాడు రాజు.

ఎర్రమ్మ చేతులు జోడించి, "తమరు లేవకముందే తెల్లారిందనుకోవడం మా తప్పే ప్రభూ. ఈ ఒక్కసారికి వదిలేయండి. రేపటి నుంచి పుంజే కాదు, కోటలో పనిచేసే మా పేటవాళ్లెవరూ మీ శాసనం దాటరు," అంది.

రాజు మురిసిపోయి వదిలేశాడు.

మర్నాడు ఆయన లేచేసరికి ఎండ నడినెత్తిన ఉంది. స్నానానికి వేణ్ణీళ్లు లేవు. వంటింట్లో పొయ్యి రాజెయ్యలేదు. పిలిస్తే పలికే నౌకరు లేడు. ఆకలికి ఆగలేక ఆయనే వెళ్లి ఎర్రమ్మ తలుపు బాదాడు.

ఆమె ఆవులిస్తూ బయటికొచ్చింది. "లేచారా ప్రభూ? అయితే తెల్లారిందన్నమాట! కూర్చోండి, ఇప్పుడే వెళ్లి దూడను విప్పుతాను."

రాజు అరుగు మీద కూలబడ్డాడు.

ఆ సాయంత్రం ఊళ్లో దండోరా మోగింది: "రాజుగారు దయతలచి, రేపటి నుంచి తమకంటే ముందే ఉదయించడానికి సూర్యుడికి అనుమతి ఇచ్చారహో!"