గిజిగాడు కొన్న గ్రాఫిక్స్ కార్డు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో గిజిగాళ్ళు కూడా కంప్యూటర్లో గీసుకుని మరీ గూళ్ళు కట్టే రోజులవి. ఆడపిట్ట వచ్చి, తెరమీద గూడు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూస్తుంది. నచ్చితేనే పెళ్ళి. నచ్చకపోతే ఆ ఏడాదికి అంతే సంగతులు.

పుల్లయ్య అనే గిజిగాడు ఒక గూడు గీశాడు. పోగు పోగూ విడివిడిగా గీశాడు. పాపం, వాడి పాత కంప్యూటర్ ఆ బొమ్మను కదపలేక చతికిలబడింది.

"తెరమీద బొమ్మల్ని కదిలించే కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించుకోరా," అంది పక్క చెట్టు మీది వడ్రంగిపిట్ట. "కొనేముందు నీ గూడు బొమ్మ పట్టుకెళ్ళు. అక్కడే తిప్పి చూసుకో."

"సర్లే పిన్నీ," అన్నాడు పుల్లయ్య. అని, ఉత్త ముక్కుతోనే వెళ్ళాడు.

కొట్టు నెమలిది. నెమలి రెండు కార్డులు ముందు పెట్టింది.

"ఇది ఆటల కార్డు బాబూ, మహా వేగం. ఇదేమో డిజైన్ పనివాళ్ళ కార్డు. వేగం కాస్త తక్కువ, ధర ఎక్కువ. కానీ మీరు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు దీన్ని పరీక్షించి సరేనన్నారు."

"ఎక్కువ పోసి తక్కువ వేగం కొనుక్కోవడానికి నాకేమన్నా పిచ్చా?" అన్నాడు పుల్లయ్య. ఆటల కార్డు మీద కార్ల పందెం ఆడి చూశాడు. కార్లు రయ్యిమని దూసుకుపోయాయి. ఇంకేం, మనవాడు మురిసిపోయి అదే కొన్నాడు. కార్ల పందేనికీ గూటికీ ఏం సంబంధమో మరి!

తొలకరి మబ్బులు కమ్మాయి. బంగారి అనే ఆడపిట్ట గూడు చూడవచ్చింది. బంగారి అంటే పుల్లయ్యకు ప్రాణం.

బంగారి బొమ్మను బయటినుంచి తిప్పింది. గూడు గిర్రున తిరిగింది.

"బావుందయ్యా," అంది.

గుమ్మం దగ్గరగా తెచ్చి చూసింది. పోగులు మినుకుమినుకుమన్నాయి.

"ఇదేంటయ్యా?"

"అబ్బే, ఏం లేదు," అన్నాడు పుల్లయ్య.

గుడ్లు పెట్టే గది తెరిచింది. గదికి అడుగు లేదు. ఓసారి కనిపిస్తుంది, ఓసారి మాయమవుతుంది.

"ఒట్టు, నేను అడుగు గీశాను! ఈ కార్డే చూపించడం లేదు!" అని మొత్తుకున్నాడు పుల్లయ్య.

"నువ్వు గీసింది నీకు తెలుసు. నేను నమ్మేది నాకు కనబడిందే కదా," అంది బంగారి. "అడుగుందో లేదో తెలియని గదిలో గుడ్లెలా పెట్టనయ్యా?"

అని ఎగిరిపోయింది. వానలు ముదిరేసరికి అవతలి కొమ్మ మీద, వేరొకరి గూట్లో, బంగారి పిల్లలు కిచకిచమన్నాయి. పుల్లయ్య అది విని ఏడ్చాడు.

నీతి: వస్తువు ఎంత గొప్పదని కాదు, మన పనికి నిలుస్తుందా అని చూడాలి. అదీ మన పనితోనే చూడాలి.