సేనాపతి ఎక్కొచ్చిన నల్లగుర్రం

కొలనుపాడు రాజుగారికి కొత్తగా కూర్చిన సేనంటే మహా మురిపెం. కానీ ఆ సేన మూడుసార్లు కొండలెక్కి, ఒక్క తిరుగుబాటుదారుణ్ణి కూడా పట్టుకోలేక ఉత్తచేతులతో దిగొచ్చింది.

“ఊళ్లవాళ్లే వాళ్లను దాస్తున్నారు ప్రభూ! సెలవిస్తే రేపే ఏడు ఊళ్లు తగలబెట్టేస్తాను,” అని మీసం మెలేశాడు సేనాపతి భైరవప్ప.

రాజుగారికి తాంబూలం అందిస్తున్న మాచన ఆ మాట విన్నాడు. వాళ్లమ్మ పుట్టిల్లు ఆ ఏడు ఊళ్లలోనే ఉంది. అయినా పైకి నవ్వుతూనే అన్నాడు:

“ముందు చిన్న పందెం ప్రభూ. తమరి తెల్లగుర్రాన్ని కొండ ఊరివాళ్లకిచ్చి దాచమందాం. ఎక్కడ దాస్తారో నాకూ తెలియదు. సేనాపతిగారు అయిదువందల మందితో వెతకాలి, నేను పదిమంది కుర్ర సిపాయిలతో వెతుకుతాను.”

రాజుగారికి సరదా పుట్టింది. “కానివ్వండి!” అన్నారు.

భైరవప్ప డప్పులు మోగించుకుంటూ వెళ్లాడు. గడ్డివాములు పీకించాడు, దొరికిన కోడినల్లా కోయించాడు, ముసలాళ్లను గద్దించాడు.

“మాకేం తెలుసు దొరా?” అన్నారందరూ.

మాచన సిపాయిలు కత్తులు పక్కనపెట్టి, వరదకు తెగిన కాలవగట్టుకు మట్టి మోశారు. తెచ్చుకున్న సద్దే తిన్నారు. మూడోనాడు గంగులవ్వ అనే ముసలమ్మ మాచనను పిలిచి చెవిలో ఏదో ఊదింది. మాచన నవ్వాపుకోలేక గట్టుమీదే కూలబడ్డాడు.

మర్నాడు భైరవప్ప నిగనిగలాడే నల్లగుర్రమెక్కి కొలువు ముందుకొచ్చాడు.

“తెల్లగుర్రం దొరకలేదు ప్రభూ. కానీ నేనంటే వాళ్లకెంత హడలో చూడండి! నా గుర్రం కుంటుతుంటే, దణ్ణాలు పెట్టి మరీ దీన్నిచ్చారు,” అంటూ దిగాడు.

దిగేసరికి ఆయన తెల్లపంచె వెనకంతా కారునలుపు. సభ కిసుక్కుమంది.

మాచన బిందెడు నీళ్లు తెచ్చి గుర్రం వీపున గుమ్మరించాడు. మసి కారిపోయి తెల్లటి వీపు బయటపడింది.

“ఓరి, ఇది నా గుర్రమే! నీకెలా తెలిసిందిరా?” అన్నారు రాజుగారు.

“ఊరంతటికీ తెలుసు ప్రభూ! ఎక్కినాయనకే ఎవరూ చెప్పలేదు.”

రాజుగారికి నవ్వాగలేదు. “మరి తిరుగుబాటుదారుల జాడో?”

“కాలవగట్టు పూర్తికానివ్వండి. అదీ గంగులవ్వే చెబుతుంది.”

రాజుగారు ఊళ్లు తగలబెట్టే మాట అక్కడికక్కడే కొట్టిపారేసి, తన చేతి కంకణం తీసి మాచనకు తొడిగారు. కొత్తసేననంతా అతనికే అప్పగించారు. భైరవప్ప పంచె దులుపుకుంటుంటే కొలువు కొలువంతా పగలబడి నవ్వింది.