గురక పోయిన మధ్యాహ్నం

కంది కోత అయిపోయిన చేలో గొర్రెల మంద దిగింది. చేను రైతుది, ఎరువు గొర్రెలది, ఆ ఎరువుకు బదులుగా వచ్చే గింజలు కాపరి మద్దిలేటివి. పొద్దెక్కగానే మద్దిలేటి గొర్రెలను తోలుకుని గుట్ట మీదికి పోతాడు. నడవలేనివి మంద దగ్గరే ఉంటాయి. కొత్తగా పుట్టిన పిల్లలను వెదురు గంపల కింద మూసి, ఒక్కో గంప మీద ఒక్కో రాయి పెట్టి పోతాడు. వాటికి తోడు ఒక కుంటి గొర్రె, సామాన్లు మోసే ఓబయ్య అనే ముసలి గాడిద. అందరికీ కాపలా కర్రిగాడనే కుక్క.

కర్రిగాడు మంచి కాపలాదారు. ఆ సంగతి మందకంతా తెలుసు, కర్రిగాడికి ఇంకాస్త ఎక్కువ తెలుసు. రాత్రంతా మద్దిలేటితో పాటు మంద చుట్టూ తిరుగుతాడు కాబట్టి మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికి వాడికి సెలవుంది. "కన్ను మూసుకోరా, చెవి మూసుకోవద్దు" అని మద్దిలేటి రోజూ పోయేముందు చెప్తాడు.

కన్ను మూసుకునే యోగం మాత్రం కర్రిగాడికి లేదు. కారణం ఓబయ్య గురక.

ఆ గురక రంపం కోసినట్టు మొదలవుతుంది. పోనీ అలాగే సాగినా అలవాటు పడొచ్చు. మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. ముసలాయన పోయాడేమోనని కర్రిగాడు తలెత్తి చూస్తాడు. అంతలో సన్నగా ఒక ఈల, దాని వెనకే మళ్లీ రంపం. కర్రిగాడు లేస్తాడు, చోటు మారుస్తాడు, తన చుట్టూ తానే తిరిగి పడుకుంటాడు, చెవి గోక్కుంటాడు, మళ్లీ లేచి గంపల చుట్టూ తిరిగొస్తాడు. ఈ చేలో దిగినప్పటినుంచీ ఇదే వరస. కళ్లు ఎర్రబడ్డాయి, కోపం ముక్కు మీదికొచ్చింది. నిన్నటికి నిన్న గాలికి కదిలిన జిల్లేడు మొక్క మీద మొరిగి, తర్వాత సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇవాళ ఇంక పట్టలేక పోయి గాడిదను లేపాడు.

"ఓబయ్య తాతా, లెయ్."

ఓబయ్య ఒక కన్ను తెరిచాడు. "ఏమబ్బీ, తోడేలొచ్చిందా?"

"తోడేలు రాలేదు, నాకు నిద్ర రాలేదు. నువ్వు గురక ఎందుకు పెడ్తావో చెప్పు."

"నేనా? నేనెప్పుడూ ఇనలేదే."

"నువ్వెట్ల ఇంటావు? నిద్రపోతాంటావు గదా."

"మరి నిద్రపోయేవాణ్ణి లేపి నిద్రలో ఏం చేసినావని అడిగితే నేనేం చెప్పేది?"

పక్కనే గంపకు ఆనుకుని పడుకున్న కుంటి గొర్రె నవ్వింది. ఆ గంప కింద దాని పిల్ల ఉంది. ముసలితనంలో పుట్టిన పిల్ల. ఇక ఈనే వయసు ఆ గొర్రెకు లేదు. అందుకే అది మేత కోసం కూడా ఆ గంపను వదిలి దూరం పోదు.

"దేవుడు ఊరికే ఏదీ ఇయ్యడు" అన్నాడు కర్రిగాడు. "తోక ఈగల్ని తోలేదానికి ఇచ్చినాడు. చెవులు ఇనేదానికి ఇచ్చినాడు. నీ గురక ఎవుర్ని ఉద్ధరించేదానికి?"

"నీ ముందరి కాలికి పైన ఒక గోరు ఏలాడతాంటాది సూడు. నేలకు తగల్దు, దేన్నీ పట్టుకోదు. అదెందుకుండాది?"

కర్రిగాడు కాలెత్తి చూసుకున్నాడు. నిజమే, ఉంది. ఇన్నాళ్లూ దాన్ని పట్టించుకోలేదు.

"అది అందానికి" అన్నాడు.

"అయితే నాదీ అందానికే అనుకో."

గొర్రె కలగజేసుకుంది. "మాకు ఇద్దరవ్వలు. ఒకవ్వ చెప్తాండె, ఎనకటికి గురక పెట్టేటోళ్ల దగ్గరికి పులి వచ్చేది కాదంట. లోపల తనకంటే పెద్ద మెకం ఏదో ఉండాదని జడుసుకొనేదంట. ఇంకో అవ్వ చెప్పేది, పులి గురక ఇనే నేరుగా వచ్చేదని."

"రెండిట్లో ఏది నిజం?"

"ఇద్దరవ్వలూ ముసలితనంతోనే పోయినారు. అడగాలంటే పులినే అడగాల."

"అంత కత లేదులే" అన్నాడు ఓబయ్య ఆవులిస్తూ. "గొంతు వదులైంది. గడియ లేని తలుపు గాలికి కొట్టుకోదా?" అంటూనే కన్ను మూశాడు. రంపం మొదలైంది.

కర్రిగాడు చేసేది లేక గట్టు దాకా నడిచాడు. గట్టు అవతల కందికట్టె మోపుల చాటున నక్క కూర్చుని ఉంది.

"ఏం కర్రీ, బాగుండావా?"

కర్రిగాడి వీపు మీద వెంట్రుకలు లేచాయి. "ఈ పక్కకి రావద్దు."

"నేనెందుకొస్తానబ్బీ, ఈడ్నే ఉండా. చుట్టరికం చంపుకోలేక పలకరిస్తాండా. మీ తాత, మా తాత ఒక కడుపున పుట్టినోళ్లే. మీ తాత సంగటికి ఆశపడి మనుషులెంట పోయినాడు, మా తాత పోలేదు. అంతే గదా తేడా."

"నీ పని నువ్వు చూసుకోపో అక్కా."

"పోతాలే. నిన్ను చూస్తేనే బాధైతాంది. ఈ దావన ఎప్పుడొచ్చినా నువ్వు కాళ్ల మీదనే ఉంటివి. ఒక్కనాడన్నా పడుకొని ఉంటివా? నేను చూళ్లేదు. పాపం, ఎంత చిక్కిపోయినావు."

ఆ పాపం అన్న మాటే కర్రిగాడికి వినపడింది. ఇన్నాళ్లుగా వాణ్ణి పాపం అన్నవాళ్లు లేరు మరి. ఈ దారిన ఎన్నిసార్లు వచ్చావు, ఎందుకు వచ్చావు అని అడగాలి. అడగలేదు.

"ఆయప్ప గురక" అన్నాడు కర్రిగాడు, దాదాపు ఏడుపు గొంతుతో.

"గుట్ట అవతలికి ఇనపడతాంది నాయనా. గురకంటే ఏందనుకుంటివి? దండోరా. ఈడ అందరూ నిద్రపోతాండారు, వచ్చి తినిపోండి అని తోడేళ్లకు చాటింపు. గురక పెట్టేటోడు మెలకువగా ఉంటాడని ఎవురన్నా అనుకుంటారా? ముసలాయన్ని వాగు కాడికి పంపీ. కానుగ చెట్టు నీడ చల్లగుంటాది. ఆయనకూ సుఖం, నీకూ సుఖం."

"ఇందులో నీకేం లాభం?"

"తోడేలు ఈ చుట్టుపక్కలకొస్తే నాకు మాత్రం బతుకుంటాదా?"

నక్క మాట నమ్మకూడదని కర్రిగాడికి తెలుసు. కళ్లు తెరవని కూనగా ఉన్నప్పటినుంచీ తెలుసు. కానీ నిద్ర లేనివాడికి తెలిసిన సంగతి కూడా అక్కరకు రాదు. పైగా నక్క చెప్పిన మాట, వాడు వినాలనుకున్న మాట, రెండూ ఒకటే అయ్యాయి.

మర్నాడు మద్దిలేటి గుట్టెక్కగానే ఓబయ్యకు సంగతి చెప్పాడు. ఓబయ్య వాదించలేదు.

"నేను మోసేది మూటలే అనుకుంటి. మీ నిద్రలు గూడా నా మీదనే ఉండాయా" అని లేచి, దుమ్ము దులుపుకుని, వాగు వైపు నడిచిపోయాడు.

"ముసలాయన్ని ఎందుకు పంపిస్తివి?" అంది కుంటి గొర్రె.

"మంద మేలుకే."

"మంద మేలుకా, నీ మేలుకా?"

కర్రిగాడు విననట్టు గంపల పక్కన చుట్టూ తిరిగి పడుకున్నాడు. చేనంతా సద్దుమణిగింది. రంపం లేదు, ఈల లేదు, ముసలాయన ఉన్నాడా పోయాడా అన్న బెంగ లేదు. నిద్ర సుఖమెరగదన్నట్టు, కంది మోళ్లు డొక్కలో గుచ్చుకుంటున్నా వాడికి తెలియలేదు. కన్ను మూసుకున్నాడు. మద్దిలేటి వద్దన్న రెండోదీ దానంతటదే మూసుకుపోయింది.

గంప మీది రాయి దబ్బున పడింది. ఆ చప్పుడు వాడికి కలలో వినపడింది. మద్దిలేటి పళ్లెంలో సంగటి ముద్ద వేసిన చప్పుడనుకుని కలలోనే తోకాడించాడు.

వాణ్ణి లేపింది గొర్రె అరుపు. గంప బోర్లా లేదు, పక్కకు దొర్లి ఉంది. కుంటి గొర్రె మూడు కాళ్ల మీద పడుతూ లేస్తూ గట్టు వైపు పోతోంది. కర్రిగాడు దాన్ని దాటుకుని పరిగెత్తాడు. కందికట్టె మోపుల దగ్గర నక్క తోక ఒక్కసారి కనపడి మాయమైంది. తరుముతున్న కుక్క అడుగుల చప్పుడుకు బరువు వదిలేసి పోయింది. పిల్ల నేల మీద పడి ఉంది. మెడ నిండా రక్తం. ఊపిరి మాత్రం ఉంది.

సాయంత్రం మద్దిలేటి వచ్చి చూశాడు. పిల్ల మెడకు పసుపు అద్ది, తలగుడ్డ చింపి కట్టు కట్టాడు. కర్రిగాణ్ణి ఒక్క మాట అనలేదు. రోజూ చేత్తో పెట్టే సంగటి ముద్ద ఆ పూట దూరం నుంచి విసిరి పోయాడు. తిట్టినా బాగుండేది. ఆ ముద్ద అక్కడే ఎండింది.

కర్రిగాడు కుంటి గొర్రె దగ్గరికి పోయి తల వంచుకుని నిలబడ్డాడు.

"తిట్టు అత్తా."

"తిడితే పిల్ల మెడ మానతాదా?" గొర్రె పిల్లను నాకుతూనే ఉంది. "నీ కాపలా నీ చెవుల్లో ఉండాదనుకుంటివి అబ్బీ. అది ఓబయ్య ముక్కులో ఉండె. ఆయన గురక పెట్టినన్నాళ్లూ నువ్వు పండుకోలేదు. నువ్వు పండుకోలేదు గాబట్టి నక్క గట్టు దాటలేదు."

కర్రిగాడికి నక్క అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడొచ్చినా కాళ్ల మీదనే ఉంటివి. అది జాలి అనుకున్నాడు. దాని కడుపుమంట అది.

"అయితే తాతా, గురక పుట్టింది దీనికోసమేనా? పక్కనోణ్ణి మేలుకొల్పేదానికి?"

వాగు నుంచి తిరిగొచ్చిన ఓబయ్య తల అడ్డంగా ఆడించాడు. "నాకేం తెలుసబ్బీ. గొడుగులు అమ్ముకునేటోని కోసం వాన కురుస్తాదా? నా గొంతు వదులు నాది, నీ చిరాకు నీది. రెండూ కలిసి పిల్లల్ని కాచినాయి. అంతకంటే నాకు తెలీదు."

"నక్క మళ్లొస్తాది" అంది గొర్రె. "రుచి మరిగింది."

"రానీ" అన్నాడు కర్రిగాడు. "తాతా, రేపొక్క దినం గూడా వాగు కాడికే పో. పండుకోవద్దు. అందరికీ కనపడేట్టు నిలబడు."

మర్నాడు ఎండ నెత్తికెక్కే వేళకు నక్క కందికట్టె చాటుకొచ్చి చెవులు రిక్కించింది. గురక వినపడింది. అడుగు వెనక్కి వేసింది. ముసలాయన తిరిగొచ్చాడంటే కుక్క మేలుకుని ఉంటుంది. మళ్లీ వాగు వైపు చూసింది. అల్లంత దూరాన ఓబయ్య నిలబడి తోకతో ఈగల్ని తోలుకుంటున్నాడు. మరి ఈ గురక ఎవరిది?

గంపల పక్కన కర్రిగాడు నాలుగు కాళ్లూ చాపి, నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. గురక వాడిదే. రంపం, ఆగడం, ఈల, మళ్లీ రంపం. ఇన్నాళ్లూ పళ్లు నూరుకుంటూ విన్నది కాబట్టి ఒక్క మలుపు తప్పు పోలేదు.

"నిద్ర మరిగినాడు" అనుకుని నక్క నవ్వుకుంది.

కర్రిగాడికి మాత్రం ఒళ్లంతా జెర్రులు పాకుతున్నట్టుంది. చెవి దురద పెట్టింది. ఈగ ముక్కు మీద వాలింది. లేవాలి, తిరగాలి, గోక్కోవాలి. ఆగిపోయే చోటు వచ్చినప్పుడు ఆపాడు. నక్క అడుగులు కూడా ఆగాయి. కర్రిగాడు సన్నగా ఈల వేశాడు. అడుగులు మళ్లీ కదిలాయి, ఈసారి ధీమాగా. గంప మీద నక్క ముందరి కాలు పడింది. రాయి దబ్బున పడింది.

ఈసారి ఆ చప్పుడు కల కాలేదు. నక్క వెనక్కి తిరిగేలోపు దాని తోక కర్రిగాడి పళ్ల మధ్య ఉంది.

"ఓరబ్బీ, గురక పెడ్తాంటివి గదరా" అంది నక్క గిలగిల్లాడుతూ.

"పెడ్తాంటి." నోట్లో తోక ఉంది కాబట్టి మాట ముద్దగా వచ్చింది.

"గురక పెట్టేటోడు మెలకువగా ఉంటాడా యాడన్నా?"

"గురకంటే దండోరా అని నువ్వే చెప్తివి గదక్కా. ఈ పొద్దు దండోరా నీకోసమే ఏసినా."

నక్క బలమంతా పెట్టి గుంజుకుంది. తను పోయింది, సగం తోక చేలో మిగిలింది. ఆ తర్వాత అది ఎవరి గురక వినపడినా గుట్ట చుట్టు తిరిగి పోతుందని కంది చేలల్లో చెప్పుకుంటారు. సాయంత్రం మద్దిలేటి ఆ తోక ముక్కను చూశాడు, కర్రిగాణ్ణి చూశాడు, సంగటి ముద్ద చేత్తో పెట్టాడు.

పిల్ల మెడ మానింది. పంటి గాటు లోతుగా దిగిందేమో, ఊపిరి మాత్రం మునుపటిలా లేదు. మంద ఇంకో చేలోకి మారింది. అక్కడ మధ్యాహ్నం ఓబయ్య రంపం మొదలుపెట్టగానే, గంప కింద నుంచి సన్నగా ఇంకో చిన్న రంపం అందుకుంది.

కర్రిగాడు పడుకున్నాడు. లేచాడు. చోటు మార్చాడు. చెవి గోక్కుని, గంపల చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"నిద్ర పట్టలేదా అబ్బీ?" అంది కుంటి గొర్రె.

"యాడ పట్టేది."

"పోనీ పిల్లోణ్ణి లేపనా?"

కర్రిగాడు గంపకు చెవి ఆనించి కాసేపు విన్నాడు. చిన్న రంపం ఆగింది. కర్రిగాడి గుండె కూడా ఆగినంత పనైంది. అంతలో ఈల వచ్చింది.

"వద్దత్తా, పండుకోనీ" అని గట్టు వైపు నడిచాడు.

నిద్ర చెడగొట్టేవాళ్లంతా పగవాళ్లు కారు, జోకొట్టేవాళ్లంతా అయినవాళ్లు కారు.