తొమ్మిది చాపల సభ

ఒకానొక రాజ్యంలో రాజుగారికి తెలియని విషయమంటూ లేదు. ఆ రాజ్యం కుంభాద్రి, ఆ రాజు ప్రచండసేన మహారాజు. వాన ఎందుకు పడుతుందో ఆయనకు తెలుసు. పడకపోతే ఎందుకు పడలేదో అంతకన్నా బాగా తెలుసు. ఆయన బిరుదులు చదివే వందిమాగధులు మధ్యలో రెండుసార్లు వెళ్లి స్నానం చేసి వచ్చేవారు.

ఆ మహారాజు ఏడూళ్లకు వినిపించే కంచుగంట కావాలన్నాడు. కంచరి మల్లాచారి ఏనుగంత గంట పోశాడు. మరునాడే అచ్చు పగలగొట్టించి, మేళతాళాలతో రాజు స్వహస్తాలతో గంటకు నూటొక్క బిందెల పన్నీటి అభిషేకం చేశాడు. గంట కాస్తా పగిలింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"వీడి చేతకానితనం. నాలుగోది పగిలితే కొలిమి ఆర్పేసి, పెళ్లాంబిడ్డలతో పొలిమేర దాటాలి" అని ఆజ్ఞ అయింది.

అయినా కారణం శాస్త్రోక్తంగా తేలాలని మూడొందల మంది పండితులతో మహాసభ పెట్టారు. హోదాను బట్టి ఆసనాలు, ఆసనాన్ని బట్టి మాటలు. మొదటి పండితుడు రాజును పొగిడి ముగించేసరికి రెండో రోజు సాయంత్రమైంది. ఏడు రోజులు గడిచినా ఒకరి మాటకు ఇంకొకరు అడ్డు చెప్పలేదు. స్తంభం చాటున చేతులు కట్టుకుని నిలబడ్డ మల్లాచారికి వంతే రాలేదు.

కొలువులో చెన్నుభట్టు అనే చమత్కారి ఉన్నాడు. ఏడ్చే పిల్లనే కాదు, ఏడ్చే మొసలిని కూడా నవ్వించగల ఘటికుడు. అతను మల్లాచారిని పక్కకు పిలిచాడు.

"నీకేమనిపిస్తోంది ఆచారీ?"

"అనిపించింది పైకి అంటే మెడ మీద తల ఉండదు సామీ."

చెన్నుభట్టు తిన్నగా రాజు దగ్గరికి వెళ్లాడు. "ప్రభూ, గుర్రపుశాల వెనక పాత ధాన్యపు కొట్టు, తొమ్మిది చాపలు ఇప్పించండి. మూడు రోజుల్లో తేలుస్తాను. తేలకపోతే మల్లాచారి మూట నేనే మోసుకుంటూ అతనితో పోతాను."

"మూడొందల మందికి తేలనిది తొమ్మిది మందికి తేలుతుందా?"

"మూడొందల మంది ముందు ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు ప్రభూ. తొమ్మిది మందైతే మాట్లాడుకుంటారు."

రాజు సరేనన్నాడు. మరునాడు చేతిపనివాళ్లకూ, వైద్యుడికీ, మల్లాచారికీ కలిపి ఏడు తాటాకు కమ్మలు వెళ్లాయి. 'మీకు తెలియని విషయం ఒకటి వెంట తెచ్చుకోండి. బిరుదులు, చెప్పులు గుమ్మం బయటే విడవండి. ఒకరు మాట్లాడేది ఒక తాంబూలం నమిలేంతసేపే.' రాజుకు మాత్రం కమ్మ రాలేదు. ఎనిమిదో చాప చెన్నుభట్టుది, తొమ్మిదోది ఖాళీగా ఉంచారు.

రాజుకు ముద్ద దిగలేదు. మొదటి రోజే ఏనుగెక్కి వచ్చాడు. గుమ్మంలో చెన్నుభట్టు నిలబడ్డాడు.

"తమకు తెలియనిది ఏమిటి ప్రభూ?"

"నాకు తెలియనిదా? ఏమీ లేదు."

"అయితే మా అజ్ఞానుల మధ్య తమకు పొద్దుపోదు. కోటకు దయచేయండి."

రెండో రోజు రాజు నడిచి వచ్చాడు. "ఆకాశంలో చుక్కలెన్నో నాకు తెలియదు. చాలునా?"

"అది ఎవరికీ తెలియదు ప్రభూ. తెలుసని నలుగురికీ చెప్పుకుని, లోపల తెలియనిది ఏదైనా ఉంటే తెండి."

మూడో రోజు రాజు ఒంటరిగా వచ్చాడు. కిరీటం తీసి చెప్పుల పక్కన పెట్టాడు. అటూ ఇటూ చూసి, "గంట ఎందుకు పగులుతోందో నాకు నిజంగా తెలియదు భట్టూ" అన్నాడు.

చెన్నుభట్టు పక్కకు తప్పుకున్నాడు.

లోపల కుమ్మరికీ వైద్యుడికీ వాదం జోరుగా సాగుతోంది. కంచులో తగరం ఎక్కువైందని ఒకరు, కాదని ఇంకొకరు. రాజు తొమ్మిదో చాప మీద కూర్చుని, తాంబూలం వేసుకుని, మల్లాచారి వైపు తిరిగాడు. "పోసిన దగ్గర్నుంచి పగిలేదాకా ఏం జరిగిందో వరసగా చెప్పవయ్యా."

అడిగితే చెప్పకపోవడం ఎలా? మల్లాచారి తల వంచుకుని అచ్చు, మరునాడు పగలగొట్టడం, నూటొక్క బిందెలు, అన్నీ చెప్పాడు. ఎవరి చేత్తో పోశారో మాత్రం చెప్పలేదు.

పొరుగు దేశం నుంచి వచ్చిన గాజుల సాయమ్మ ఫక్కున నవ్వింది. ఆమె ఆ రాజును ఎన్నడూ చూసి ఎరగదు. "గాజులు చల్లార్చే మా ఆవం ఒక్క పూట ముందు తెరిస్తేనే అన్నీ పెంకులవుతాయి. కణకణలాడే కంచు మీద చన్నీళ్లు కుమ్మరించిన బుద్ధిమంతుడు ఎవరు నాయనా?"

మిగతా నోళ్లలో తాంబూలం ఆగిపోయింది. మల్లాచారి కళ్లు మూసుకున్నాడు.

"నేనేనమ్మా" అన్నాడు రాజు.

చెన్నుభట్టు చప్పున లేచి చేతులు జోడించాడు. "ప్రభూ, మేమంతా తలో తెలియనిదాన్ని పట్టుకుని మూడు రోజులుగా కూర్చున్నాం, ఇంకా అవి మా దగ్గరే ఉన్నాయి. తమరు తెచ్చినది మాత్రం అర తాంబూలంలో తీరిపోయింది. ఈ సభలో గెలిచినవారు తమరే."

రాజు సాయమ్మను చూశాడు, చెన్నుభట్టును చూశాడు. ముందు గడ్డం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. ఆ నవ్వుకు గుర్రపుశాలలో అరవై గుర్రాలు పగ్గాలు తెంచుకున్నాయి. మెడలోని ముత్యాల హారం తీసి చెన్నుభట్టు మెడలో వేశాడు. ధాన్యపు కొట్టును అతనికే రాసిచ్చి, ఏటేటా అక్కడ ఇలాంటి సభ జరపమన్నాడు.

నాలుగో గంట పదకొండు రోజులు అచ్చులోనే చల్లారింది. ఎవరూ ముట్టకుండా అచ్చు పాతిన గొయ్యి పక్కన రాజే కాపలా కూర్చున్నాడు. పన్నెండో రోజు సుత్తి మల్లాచారి చేతికిచ్చి, "నువ్వే కొట్టు" అన్నాడు. ఏడూళ్లకు చాలన్న గంట డెబ్బై ఊళ్లకు వినిపించింది. పొలిమేర అవతల రాజు తన కోట గంటే మోగిందనుకుని కొలువు చాలించాడట. మల్లాచారి భార్య కట్టి ఉంచిన మూటలు విప్పి, పొయ్యి వెలిగించింది.